రెండు వార్డుల మధ్య బిడ్డ

అమెరికాలో 1986లో ఆరు వైద్య కేంద్రాలు ఒక ప్రయోగానికి పూనుకున్నాయి. వైద్య పట్టా పుచ్చుకున్న యువ డాక్టరు 24 నెలలు పిల్లల వైద్యం, 18 నెలలు పెద్దల మానసిక వైద్యం, 18 నెలలు పిల్లల మానసిక వైద్యం నేర్చుకుంటే, మూడు బోర్డు పరీక్షలకూ అర్హత వస్తుంది. విడివిడిగా చదివితే ఎనిమిదేళ్లు పట్టే చదువు ఐదేళ్లలో ముగుస్తుంది. 'ట్రిపుల్ బోర్డ్' అని పేరుపడిన ఈ శిక్షణ కాలాన్ని ఆదా చేసే ఏర్పాటుగా కనిపిస్తుంది. కానీ దాని అసలు విలువ వేరు. మొదట కలిసే పెరిగిన రెండు విద్యలను వృత్తి సంస్థలు విడదీస్తే, వాటిని మళ్లీ ఒక్క డాక్టరులో కలిపిన ప్రయత్నమది.

లియో కానర్ 1930లో జాన్స్ హాప్కిన్స్‌లో పిల్లల మానసిక వైద్యశాలను మొదలుపెట్టింది పిల్లల ఆసుపత్రిలోనే. ఆటిజంను వర్ణిస్తూ 1943లో ఆయన రాసిన వ్యాసానికి ఆధారం 11 మంది పిల్లలను దగ్గరగా గమనించడమే. రోడ్ ఐలండ్‌లో 1931లో తెరిచిన బ్రాడ్లీ హోమ్‌లో, అల్లరి అదుపులో లేని పిల్లలపై బెంజిడ్రిన్ అనే మందు ప్రభావాన్ని 1937లో ప్రకటించిన చార్లెస్ బ్రాడ్లీ పిల్లల డాక్టరే. ఇంగ్లండ్‌లో డోనాల్డ్ వినికాట్ పిల్లల డాక్టరుగా పనిచేస్తూనే మనోవిశ్లేషకుడయ్యారు. అయితే అదే కాలంలో ఎడం కూడా పెరిగింది. మానసిక వైద్యం పిల్లలకు ముప్పు అని 1931లో జోసెఫ్ బ్రెనెమన్ అనే పిల్లల వైద్యుడు హెచ్చరించారు. 1920లలో వెలసిన చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లు చాలావరకు ఆసుపత్రుల బయటే పనిచేశాయి. పిల్లల వైద్యానికి 1933లో, మానసిక, నరాల వైద్యాలకు 1934లో వేర్వేరు బోర్డులు ఏర్పడ్డాయి. 1959లో పిల్లల మానసిక వైద్యం ఈ రెండో బోర్డు కింద ఉపశాఖ అయింది. అలా పరీక్షలతో పాటు దారులూ వేరైపోయాయి.

ఈలోగా రోగాల తీరు మారింది. టీకాలు, యాంటీబయాటిక్స్ అంటువ్యాధులను వెనక్కి నెట్టాయి. చదువు, ప్రవర్తన, కుటుంబ కలతలతో వచ్చే ఇబ్బందులను 1975లో రాబర్ట్ హ్యాగర్టీ, ఆయన సహచరులు 'కొత్త రుగ్మతలు' అన్నారు. అవి మొదట చేరేది పిల్లల డాక్టరు దగ్గరికే. వాటిని పట్టుకునే శిక్షణ మాత్రం మరో విభాగంలో ఉండిపోయింది. 1986 ప్రయోగానికి నేపథ్యం ఇదే.

మూడింటిలోనూ అరకొర చదువే మిగులుతుందనే అభ్యంతరం ఉంది. ఇది కొట్టిపారేయదగినది కాదు. ప్రతి విద్యలోనూ నెలలు తగ్గిన మాట నిజమే. అయితే ఈ డాక్టర్లకు సడలించిన పరీక్షలేవీ లేవు, మిగతావాళ్లు రాసేవే వీళ్లూ రాయాలి. ఇద్దరు నిపుణులు కలిసి పనిచేస్తే చాలు కదా అన్నది మరో వాదన. సమష్టి వైద్యం తప్పకుండా కావాలి. కానీ ఆ ఇద్దరినీ ఎప్పుడు పిలవాలో తేల్చుకోవడానికి రెండు వైపులా చూడగలిగిన కన్ను ముందు అవసరం. మధుమేహం ఉన్న అమ్మాయి ఇన్సులిన్ మానేసిందంటే అది మందు సమస్యా, నిరాశా? బరువు తగ్గిపోతున్న పిల్లకు పేగుల్లో జబ్బుందా, తిండి అంటే భయమా? ఇటువంటి ప్రశ్నకు ఏదో ఒక వైపే చదివిన డాక్టరు తనకు తెలిసిన జవాబువైపే మొగ్గే ప్రమాదం ఉంది. ఈ శిక్షణ పొందినవాళ్లు తక్కువే, అందులో చాలామంది చివరికి మానసిక వైద్యంలోనే స్థిరపడ్డారు. అయినా కానర్ కాలంలో కొందరి ప్రతిభ మీద ఆధారపడ్డ కలయికను ఒక చదువుగా, నేర్పదగిన పద్ధతిగా మార్చింది ఈ ప్రయోగమే. పిల్లల రోగాలు విభాగాలు చూసుకుని రావు కాబట్టి, ఈ దారిని విస్తరించడమే న్యాయం.