బెడ్ లెక్కన బతుకు: అమీర్‌పేట, పంజగుట్టల్లో ఇళ్ల ధరలు, అద్దెల తీరు

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక వీధుల్లో అద్దె సంగతి కనుక్కోబోతే ముందుగా వినపడే ప్రశ్న ‘టూ షేరింగా, త్రీ షేరింగా, ఫోర్ షేరింగా?’ అన్నదే. అక్కడ ధర పలికేది బెడ్‌కు. మూడు పూటల తిండి, వైఫై, వాషింగ్ మెషీన్ అన్నీ ఆ ధరలోనే కలిసిపోతాయి. శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో, అనంతపురం నుంచో సంచితో బస్సు దిగిన కుర్రాడికి హైదరాబాద్ నడిబొడ్డున ఆ రాత్రికే పడుకునే చోటు దొరుకుతోందంటే అది ఈ లెక్క పుణ్యమే.

నగరం మధ్యలో, రెండు మెట్రో మార్గాలు కలిసే కూడలి పక్కన, సొంత ఫ్లాటు కొనడం మధ్యతరగతి జీతగాడికే గగనమైన చోట, కొత్తగా వచ్చినవాడు కొద్దిపాటి డబ్బుతో ఎలా నిలదొక్కుకోగలుగుతున్నాడు? ఆ చవకకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే. అమీర్‌పేటలో స్థలం చవక కాదు. ఖరీదైన స్థలాన్ని ఎక్కువమంది పంచుకోవడం వల్ల ఒక్కొక్కరి వాటా చవకగా కనబడుతోంది. అలా పంచుకుంటున్న మనిషిని మన అద్దె చట్టం ఇప్పటికీ కిరాయిదారుగా గుర్తించడం లేదు.

కాలనీల నుంచి హాస్టళ్ల దాకా

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కు మారాక ఉద్యోగుల కుటుంబాలకు నివాసాలు కావలసి వచ్చాయి. పంజగుట్ట, అమీర్‌పేట చుట్టుపక్కల పొలాలూ తోటలూ క్రమంగా కాలనీలయ్యాయి. తొలి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి పేరిట సంజీవరెడ్డి నగర్ వెలిసింది. మధురానగర్, ఎల్లారెడ్డిగూడ, శ్రీనగర్ కాలనీ, ద్వారకాపురి కాలనీ లాంటి చోట్ల ఓనరు కింద ఉంటూ మేడ మీద పోర్షన్ అద్దెకిచ్చే పద్ధతి స్థిరపడింది. సచివాలయ గుమస్తా, బ్యాంకు ఉద్యోగి, సనత్‌నగర్ కర్మాగారాల్లో పనిచేసేవారు ఆ పోర్షన్లలో ఏళ్ల తరబడి ఉండేవారు.

పంజగుట్టకు మరో రకం కిరాయిదారుణ్ని తెచ్చింది నిమ్స్ ఆస్పత్రి. 1964లో ఎముకల వైద్యశాలగా మొదలైన ఆ సంస్థ 1989లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. జిల్లాల నుంచి వచ్చే రోగుల వెంట ఉండేవారికి రోజుల లెక్కన, వారాల లెక్కన గది కావాలి. ఏడాది ఒప్పందం వారికి పనికిరాదు. నర్సులకు, వైద్య విద్యార్థులకు, ల్యాబ్ సిబ్బందికి ఆస్పత్రికి నడిచి వెళ్లగలిగే దూరంలో చోటు కావాలి. తక్కువ గడువు అద్దెలకు పంజగుట్ట వీధులు అలా అలవాటుపడ్డాయి.

అమీర్‌పేటను మార్చేసింది మాత్రం కంప్యూటర్ శిక్షణ. నగరాభివృద్ధి సంస్థ హుడా కట్టిన మైత్రీవనం, స్వర్ణజయంతి వాణిజ్య సముదాయాలు, వాటి పక్కన ఆదిత్య ఎన్‌క్లేవ్ బ్లాకులు 1990ల చివరికల్లా శిక్షణ కేంద్రాల బోర్డులతో నిండిపోయాయి. కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీ సమస్య (వై2కె) మెయిన్‌ఫ్రేమ్ నేర్చినవారికి అమెరికా తలుపులు తెరిచింది. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. దాంతో నేర్చుకునే చోటు అమీర్‌పేట, ఉద్యోగం చేసే చోటు మాదాపూర్ అన్న విభజన ఏర్పడింది. మెయిన్‌ఫ్రేమ్ పోయి జావా, డాట్‌నెట్, టెస్టింగ్, డేటా సైన్స్ వచ్చినా కోర్సు గడువు మాత్రం నెలల్లోనే ఉండిపోయింది. మూడు నెలల కోర్సుకు వచ్చినవాడు రెండు నెలల అడ్వాన్స్ కట్టి, సామాను కొనుక్కొని పోర్షన్ తీసుకోలేడు. అతనికి కుదిరేది బెడ్ ఒక్కటే.

ఆ తర్వాత మెట్రో వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా రైలు నడిచింది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్, 2019 మార్చిలో హైటెక్ సిటీ, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం కలిశాయి. ఉద్యోగం దొరికినవాడు ఐటీ కారిడార్‌కు మకాం మార్చక తప్పదన్న పరిస్థితి పోయింది. అమీర్‌పేట హాస్టల్లోనే ఉండి రాయదుర్గం వెళ్లి రావచ్చు. శిక్షణ కేంద్రాలు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి విస్తరించినా, కరోనా తర్వాత చాలా తరగతులు ఆన్‌లైన్‌లోకి మారినా, ఇక్కడి బెడ్‌లకు గిరాకీ నిలబడటానికి ఈ మెట్రో సౌకర్యం ఒక ముఖ్య కారణం.

కొనడం ఒక లెక్క, ఉండటం ఇంకో లెక్క

ఇళ్ల ధర, అద్దె ఒకే వేగంతో పెరగవు. ఒక నమూనా లెక్క తీసుకుంటే ఆ తేడా తెలుస్తుంది. ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు ధర 80 లక్షలు అనుకుందాం. 16 లక్షలు చేతి నుంచి పెట్టి, 64 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువుతో అప్పు తీసుకుంటే నెల వాయిదా సుమారు 55,500 రూపాయలు. తెలంగాణలో 2021 జులై నుంచి స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం. అంటే మరో 6 లక్షలు. అదే ఫ్లాటును నెలకు 25 వేలకు అద్దెకిస్తే ఏడాదికి వచ్చేది 3 లక్షలు. ఫ్లాటు ధరపై రాబడి 3.75 శాతమే. ఇందులోంచే ఆస్తిపన్ను, మరమ్మతులు, రెండు అద్దెల మధ్య ఖాళీగా ఉండే నెలల నష్టం భరించాలి.

కుటుంబానికి అద్దెకిచ్చే ఓనరుకు ఈ వీధుల్లో పెద్దగా మిగిలేది లేదని ఈ లెక్క చెబుతుంది. కొనబోయేవాడికైతే వాయిదా అద్దెకు రెండింతలు దాటుతుంది. ఉద్యోగంలో కుదురుకున్న జంట కూడా అమీర్‌పేటలో కొనాలనుకోక మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి వైపు చూడటానికి కారణం ఇదే.

ఇప్పుడు హాస్టల్ లెక్క చూద్దాం. ఇదీ నమూనాయే. 1,500 చదరపు అడుగుల మూడు పడకగదుల ఇంటికి కుటుంబం 30 వేలు ఇస్తుందనుకుందాం. ఆ ఇంట్లోనే మూడు గదులతో పాటు హాలులో కూడా నాలుగేసి మంచాలు వేస్తే 16 బెడ్‌లు. బెడ్‌కు 6,500 చొప్పున అన్నీ నిండితే నెలకు 1,04,000 రూపాయలు. నిర్వాహకుడు ఓనరుకు 45 వేలు ఇచ్చినా మిగతా సొమ్ముతో బియ్యం, కూరగాయలు, గ్యాస్, వంటమనిషి, కరెంటు, నీళ్ల ట్యాంకర్ ఖర్చులు నెట్టుకొస్తాడు. ఓనరుకు ఒకటిన్నర రెట్లు ఆదాయం, నిర్వాహకుడికి బతుకుతెరువు, కుర్రాడికి తిండితో సహా 6,500కే నగరం మధ్యలో నివాసం. ముగ్గురికీ గిట్టుబాటైన ఈ బేరంలో తగ్గింది చోటు. వంటగది, బాత్‌రూమ్ కలుపుకొని చూసినా మనిషికి దక్కేది 94 చదరపు అడుగులు.

ఈ బేరం బయట మిగిలిపోయేది చిన్న కుటుంబం. ఇద్దరు పిల్లలున్న చిరుద్యోగి హాస్టల్ నిర్వాహకుడితో పోటీపడి అద్దె ఇవ్వలేడు. ఒక వీధిలో రెండిళ్లు హాస్టళ్లయితే మూడో ఓనరుకూ అదే ఆలోచన వస్తుంది. నాలుగైదుగురి కోసం వేసిన డ్రైనేజీ గొట్టం, తవ్విన సంపు, కట్టిన మెట్లు పదహారుమంది బరువు మోస్తాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల (168వ నంబరు జీవో) ప్రకారం భవనం ఎత్తు రోడ్డు వెడల్పు మీద, స్థల విస్తీర్ణం మీద ఆధారపడుతుంది. ఇరుకు వీధుల్లోని చిన్న స్థలాల్లో ఆకాశానికి ఎగిసే అపార్ట్‌మెంట్లు లేవవు. గిరాకీ పైకి పెరగలేక లోపలికే కుదించుకుంటోంది.

చట్టానికి కనబడని కిరాయిదారు

తెలంగాణలో అద్దెల నియంత్రణకు ఉన్నది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టమే. 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలన్నిటికీ ఆ చట్టం మినహాయింపునిచ్చింది. కాలం గడిచేకొద్దీ ఆ మినహాయింపు వివక్షగా మారిందంటూ సుప్రీంకోర్టు 1983లో దాన్ని కొట్టివేసింది. తర్వాతి సవరణలతో ఇప్పుడు నిర్మాణం పూర్తయి 15 ఏళ్లు దాటని భవనాలు చట్టం పరిధిలోకి రావు. 2005 సవరణ ప్రకారం నగరపాలక సంస్థల్లో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దెలూ రావు. ఇవాళ అమీర్‌పేటలో 3,500కు దొరికే పోర్షన్ ఏదీ? పుస్తకంలో చట్టం ఉంది, వీధిలో లేదు. వివాదం వస్తే అద్దె నియంత్రణ అధికారి దగ్గరికి వెళ్లాల్సిన మనిషి సివిల్ కోర్టు మెట్లెక్కాలి.

పోర్షన్ తీసుకున్నవాడికి కనీసం ఒక కాగితం ఉంటుంది. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి అందరూ 11 నెలల ఒప్పందం రాసుకుంటారు. హాస్టల్ మనిషికి అదీ లేదు. గదిపై అతనికి ప్రత్యేక స్వాధీనం లేదు. నిర్వాహకుడు ఎప్పుడైనా మంచం మార్చవచ్చు, మరొకరిని తెచ్చి పడుకోబెట్టవచ్చు. స్వాధీనం లేనిదే లీజు కాదని, అది కేవలం వాడుకునేందుకు ఇచ్చిన అనుమతి అని న్యాయశాస్త్రం వేరు చేస్తుంది. 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు చర్చించిన తేడా ఇదే. ఆ గీతకు అవతల పడ్డవాడికి నోటీసు గడువు, అడ్వాన్స్ వాపసు అన్నీ నిర్వాహకుడి మాట మీదే ఆధారపడతాయి.

ఈ లోపం ఎంత ప్రమాదకరమో 2020 మార్చి 25న రాష్ట్రమంతా చూసింది. దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన ఆ రోజు నగరంలోని చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. అమీర్‌పేట, ఎస్.ఆర్.నగర్, పంజగుట్ట ప్రాంతాల యువతీయువకులు సొంతూళ్లకు వెళ్లేందుకు అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు గుమిగూడారు. పత్రాలు పట్టుకుని విజయవాడ దారి పట్టినవారిని రాష్ట్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించరాదని ప్రభుత్వం చెప్పేసరికే వేలమంది రోడ్డున పడ్డారు. ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మూడు నెలల పాటు ఇంటి అద్దెలు వసూలు చేయవద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలని ప్రకటించారు. అద్దె ఇంట్లో ఉన్నవారికి అది ఊరట. అప్పటికే బెడ్ పోగొట్టుకున్నవారికి వాయిదా వేయడానికి అద్దె అన్నదే మిగల్లేదు.

బెడ్‌ను చట్టం చూడకపోయినా పన్ను చూసింది. హాస్టల్ వసతిపై 12 శాతం జీఎస్టీ వర్తిస్తుందని 2023లో కర్ణాటకలోని ముందస్తు నిర్ణయాల ప్రాధికార సంస్థ తేల్చింది. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి నెలకు 20 వేల లోపు రుసుముతో కనీసం 90 రోజులు వరసగా ఉండేవారి వసతిని పన్ను నుంచి మినహాయించింది. ఊరటే అయినా, రెండు నెలల కోర్సుకు వచ్చిన విద్యార్థికి ఆ 90 రోజుల షరతు కుదరదు.

ఇతర చోట్ల చేసినవి

బెడ్‌ను నివాసంగా గుర్తించడం కొత్త సంగతేమీ కాదు. హాంకాంగ్ 1994లోనే ఒక ఫ్లాటులో 12 లేదా అంతకు మించి పడక చోట్లు అద్దెకిస్తే లైసెన్సు తప్పనిసరి చేసింది. అగ్ని భద్రత, పారిశుధ్యం ఆ లైసెన్సు షరతులు. తమిళనాడు 2014లో మహిళలు, పిల్లల హాస్టళ్ల నియంత్రణకు ప్రత్యేక చట్టం తెచ్చి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. కేంద్రం 2020 జులైలో ఆమోదించిన అందుబాటు అద్దె గృహ సముదాయాల పథకం ఒకటి రెండు పడకగదుల ఇళ్లతో పాటు డార్మిటరీ బెడ్‌లనూ తన పరిధిలో చేర్చింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్స్‌ను రెండు నెలల అద్దెకు పరిమితం చేసింది.

భద్రతను పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. 2023 జూన్‌లో ఢిల్లీ ముఖర్జీ నగర్ కోచింగ్ కేంద్రంలో మంటలు లేస్తే విద్యార్థులు తాళ్లు పట్టుకుని కిటికీల్లోంచి దిగారు. 2024 జులైలో అదే నగరంలోని పాత రాజేంద్ర నగర్ సెల్లార్ లైబ్రరీలోకి వరద చొచ్చుకొచ్చి సివిల్ సర్వీసులకు చదువుతున్న ముగ్గురు చనిపోయారు. 2023 మార్చిలో మన సికింద్రాబాద్ స్వప్నలోక్ సముదాయంలో అగ్నికి ఆరుగురు యువతీయువకులు బలయ్యారు. జిల్లాల నుంచి ఉపాధి కోసం వచ్చిన పిల్లలు వారు.

చేయవలసింది

నియంత్రణ పెడితే బెడ్ ధర పెరిగి పేద విద్యార్థికే నష్టమన్న వాదన ఉంది. అది కొట్టిపారేయదగింది కాదు. కఠినమైన విస్తీర్ణ నిబంధన ఒక్కసారిగా తెస్తే సగం బెడ్‌లు మాయమై మిగతావాటి ధర ఎగబాకుతుంది. అందుకే మొదట కావలసినవి ఖర్చు తక్కువ, రక్షణ ఎక్కువ ఉన్న చర్యలు. ప్రతి హాస్టల్‌కూ సులభమైన రిజిస్ట్రేషన్, ఒక పేజీ ఒప్పందం, అడ్వాన్స్ వాపసుకు గడువు, ఖాళీ చేయించేందుకు కనీస నోటీసు, అత్యవసర పరిస్థితుల్లో ఎవరినీ బయటకు పంపరాదన్న నిబంధన, రెండో మెట్ల దారి, మంటలార్పే పరికరాలు. వీటి భారం బెడ్‌కు నెలనెలా పడేది స్వల్పం. రెండో దశలో మెట్రో స్టేషన్ల దగ్గరి ప్రభుత్వ స్థలాల్లో, వాణిజ్య సముదాయాల్లో చవక అద్దె వసతి కట్టాలి. అప్పుడు ప్రైవేటు హాస్టళ్లు కూడా మనిషికి కొంచెం ఎక్కువ చోటివ్వక తప్పదు.

కుటుంబాల కోసమూ ఆలోచించాలి. 2011 జనగణన నాటికి పట్టణ భారతంలో 27.5 శాతం కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉన్నాయి, 1.1 కోట్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేయరేమోనన్న ఓనరు భయాన్ని, ఎప్పుడు పొమ్మంటారోనన్న కిరాయిదారు భయాన్ని కలిపి తీర్చే వేగవంతమైన అద్దె న్యాయస్థానాలు లేకపోతే ఆ ఖాళీ ఇళ్లు మార్కెట్లోకి రావు.

పాతికేళ్లకు పైగా తెలుగు నేలలోని ప్రతి జిల్లా నుంచి వచ్చిన పిల్లలకు అమీర్‌పేట తొలి ఆసరాగా నిలిచింది. వారి జీతాలతో, వారి పన్నులతో ఈ నగరం పెరిగింది. తెలంగాణ శాసనసభ 1960 చట్టం స్థానంలో కొత్త అద్దె చట్టం తేవాలి. అందులో ‘కిరాయిదారు’ నిర్వచనం కింద ఇంటిని తీసుకున్నవారితో పాటు బెడ్‌ను తీసుకున్నవారిని కూడా స్పష్టంగా చేర్చాలి.