చేతిపని పీరియడు

మేము హైస్కూలులో చదివిన 1960లలో చేతిపనికి వారానికి రెండు పీరియడులు ఉండేవి. తకిలీతో నూలు వడికేవాళ్లం. పబ్లిక్ పరీక్షలో దానికి మార్కులు లేవు గనుక, సంక్రాంతి సెలవులు దాటగానే ఆ పీరియడును లెక్కల మాస్టారు తీసుకొనేవారు. మేమూ సంతోషించాము. తకిలీలు అటక ఎక్కాయి.

పెద్దలు తలచినది ఇది కాదు. 1937లో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన జరిగిన విద్యా సభ, చేతిపని కేంద్రంగా చదువు సాగాలన్నది. 1952-53లో మొదలియార్ కమిషను బహుళార్థసాధక పాఠశాలలు కావాలన్నది. తరువాత కొఠారీ కమిషనూ ఆ మాటే మరో తీరుగా చెప్పింది. 1986 జాతీయ విద్యా విధానము, 1990 నాటికి పై తరగతుల విద్యార్థులలో నూటికి పదిమంది వృత్తి కోర్సులలో ఉండాలని గడువు పెట్టింది. 1992లో ఆ గడువును 1995కు జరిపారు! తప్పినవారు చదివేదే వృత్తి విద్య అన్న చులకన మన ఇళ్లలోనే ఉండగా, ప్రభుత్వాన్ని మాత్రమే అని ఏమి లాభం?

ఏలూరు తివాచీల పనితనం మగ్గం దగ్గరే నేర్చుకున్నారు, బడిలో కాదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో లెక్కలు దుకాణంలోనే పట్టుబడ్డాయి. ఇక కొల్లేటి సంగతి చూడండి. 1970లలో లంక గ్రామాల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చారు. వలా దోనే తెలిసిన వారికి చెరువు పెంపకం, మేత, బ్యాంకు కాగితాలు కొత్త. చాలా చెరువులు లీజుల మీద బయటివారి చేతిలో పడ్డాయి. 1999లో సరస్సు అభయారణ్యమైంది. 2006లో ఐదవ కాంటూరు లోపలి చెరువుల గట్లు కొట్టేశారు.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే నీటిలో ప్రాణవాయువు తగ్గిందన్నమాట. పగలు నాచు ఇచ్చిన వాయువును రాత్రి నాచూ చేపలూ కలిసి వాడేస్తాయి. ఇది తొమ్మిదవ తరగతి సైన్సే. చెరువు గట్టున చెప్పవచ్చు, మార్కులూ వేయవచ్చు. ఆరవ తరగతి నుండే వృత్తి పరిచయం ఉండాలని 2020 విధానం అంటోంది. వృత్తి విద్యను విస్తరించడమంటే అందరికీ ఒకే కుట్టుమిషను ఇవ్వడం కాదని మా మనవి.

మా సహాధ్యాయి ఒకరు లంకవారు. తన వాటా లీజుకిచ్చి, అదే చెరువుకు రాత్రి కాపలా ఉన్నాడు. చేపలు తేలగానే యజమానికి కబురు పంపేవాడు. ఎందుకు తేలాయో చెప్పి జీతం తీసుకునేది వేరొకరు. ఆయన మనుమడు ఇప్పుడు హైస్కూలులో ఉన్నాడు. బడిలో చేపల పెంపకం నేర్పితే మంచిదేగా అంటే, "నాలా కాపలా కాయడానికా వాణ్ణి చదివిస్తున్నది?" అన్నాడు. ఆ పూట మేము ఆయనకు జవాబు చెప్పలేకపోయాము.