భరతపురము: మట్టికోట, నీటిపక్షులు

కోట యనగానే మనకు కొండవీడు, గండికోట, గోలకొండ జ్ఞప్తికి వచ్చును. ఎత్తైన కొండయు దానిపై రాతిగోడయు లేనిదే కోట కాదని తలతుము. రాజస్థానములోని భరతపురమున నేను చూచిన కోటకు కొండ లేదు. నేల చదునుగా నున్నది. దాని బలమంతయు మట్టియందును నీటియందును గలదు. ఆ సీమలో నీటిని కట్టి నిలిపిన పూనికయే పట్టణము ప్రక్కన పక్షులకు గూడ నెలవు కల్పించినది. అందుచేత ఈ రెంటి కథను విడదీసి చెప్పుటకు వీలులేదు.

విజయవాడనుండి ఢిల్లీ పోవు బండి యెక్కి ఆగ్రాలో దిగినచో, అచ్చటికి పడమరగా సుమారు 55 కిలోమీటర్ల దూరమున భరతపురము వచ్చును. 18వ శతాబ్దిలో జాట్ల రాజగు సూరజ్‌మల్లు ఈ కోటను గట్టించెను. దీనికి లోహగఢము, అనగా ఇనుపకోట, అని పేరు. పేరు ఇనుము, గోడ మట్టి! వెడల్పైన మట్టికట్టలు, వాని చుట్టును సుజానగంగ యను అగడ్త. అగడ్త యిప్పటికిని ఉన్నది. అయితే పట్టణపు మురుగు దానిలో చేరుట చూచి మనస్సు నొచ్చినది. ఒక ద్వారమునకు అష్టధాతు కవాటము లున్నవి. జాట్లు వానిని ఢిల్లీనుండి తెచ్చిరని చెప్పుదురు.

ఈ మట్టిగోడ ఘనత 1805లో లోకమునకు తెలిసినది. ఆంగ్లేయులతో పోరాడుచున్న యశ్వంతరావు హోల్కరునకు భరతపురపు రాజగు రణజిత్తుసింగు ఆశ్రయ మిచ్చెను. ఇతడు పంజాబునేలిన రణజిత్తుసింగు కాడు. శరణన్నవానిని అప్పగింపనందుకు సేనాని లేకు కోటను ముట్టడించెను. ఫిరంగిగుండు తగిలిన రాతిగోడ పగులును. మట్టిగోడ గుండును మ్రింగి యూరకుండును. గండి పడినచోట కోటలోనివారు రాత్రికి రాత్రి మట్టి పోసి పూడ్చుకొనిరి. మోతీఝీలు చెరువునుండి నీరు వదలి అగడ్తను నింపిరి. జనవరి, ఫిబ్రవరి నెలలలో లేకు నాలుగుమారులు దండెత్తెను, నాలుగుమారులును మరలిపోయెను. చచ్చినవారును గాయపడినవారును గలిసి అతని పక్షమున 3,000 మందికి పైబడిరి. తుదకు ఏప్రిలులో సంధి జరిగెను.

ఇరువది యేండ్లకు రాజ్యమునకు వారసుడగు బాలుని త్రోసి దుర్జనసాలుడు కోట నాక్రమించగా, ఆ బాలుని పేరిట ఆంగ్లేయులు మరల వచ్చిరి. సేనాని కంబర్మియరు లేకు అనుభవమును మరువలేదు. 1825 డిసెంబరులో రాగానే అతడు మొదట పట్టుకొన్నది బురుజును గాదు, చెరువుకట్టను. కోటవారు కట్ట తెంచి నీరు వదలుచుండగనే దానిని స్వాధీనపరచుకొని గండి పూడ్పించెను. అగడ్త నిండలేదు. పిమ్మట గోడక్రింద సొరంగము త్రవ్వి మందుగుండు పేల్చి, 1826 జనవరి 18వ తేదీన లోపల ప్రవేశించిరి. చెరువుకట్ట యెవరి చేతిలో నుండునో వారిదే గెలుపన్నమాట మన గ్రామస్థులకు నేను బోధింపనక్కరలేదు.

ఇక పక్షుల సంగతి. పట్టణమునకు ఆగ్నేయమున కేవలదేవ ఘన యను పల్లపు నేల యున్నది. నడుమ శివాలయ ముండుటచే ఆ పేరు వచ్చినది. విస్తీర్ణము సుమారు 29 చదరపు కిలోమీటర్లు. గంభీర, బాణగంగ నదుల వరదను ఆపుటకు సూరజ్‌మల్లు కట్టించినదని చెప్పు అజాన్ కట్టనుండి ఇచ్చటికి నీరు వదలుదురు. నేను వెళ్లినది చలికాలము. తుమ్మచెట్లపై ఎర్రకాళ్ల కొంగల పిల్లలు ఇంకను గూళ్లను విడువలేదు. తెడ్డుమూతి కొంగలు బురదలో ముక్కు లాడించుచుండెను. హిమాలయముల నావలనుండి వచ్చిన బాతులు గుంపులుగా తేలుచుండెను.

గుడిచెంత నొక శిలాఫలక మున్నది. దానిపై దాతల పేర్లు గాక, వేటకు వచ్చిన దొరల పేర్లును, వారు గూల్చిన పక్షుల సంఖ్యలును చెక్కియున్నవి. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిననాడు ఒక్క దినమున 4,273 పక్షులు నేలగూలెను. అంత లెక్క వ్రాసి రాతిపై నిలిపినవారి గర్వమును నేను మెచ్చుకొనలేను. అయినను వేటకొరకే వారు నీటిని నిలిపిరి. ఆ నీరు లేనిచో నేడు కాపాడుటకు పక్షులే యుండెడివి కావు.

తరువాతి కాలమున వేట మాన్పిరి. 1982లో జాతీయవనముగా నిర్ణయించి, అదే యేట చుట్టుపట్ల గ్రామముల పశువులు లోనికి రాగూడదని కట్టడి చేసిరి. తరతరములుగా గేదెలను మేపుకొన్నవారు ఎదిరించిరి; పోలీసులు కాల్పులు జరిపిరి; కొందరి ప్రాణములు పోయినవి. ఇంతయు జరిగిన పిమ్మట తేలిన దేమనగా, గేదెలు మేయనందున గడ్డి నీటిపై దట్టముగా క్రమ్మి, బాతులకును కొంగలకును మేతచోటు తగ్గినది! బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు యేండ్ల తరబడి పరిశీలించి యీ సంగతిని బయటపెట్టిరి. గేదెల కాపరి నడిగియున్నచో ముందే చెప్పియుండునని నా యభిప్రాయము.

నీటి తగవు వేరు. ఎగువ కరౌలివద్ద గంభీరనదిపై పాంచనా ఆనకట్ట కట్టినపిమ్మట వనమునకు వచ్చు ప్రవాహము తగ్గినది. 2004లో నీరు వదలుటకు అచ్చటి రైతులు ఒప్పలేదు. వారి పొలములు వారికి ముఖ్యము. తప్పు పట్టుట సులభము కాదు. తరువాత గోవర్ధన కాలువనుండియు చంబల్ నదినుండియు నీరు తెచ్చు ఏర్పాట్లు జరిగినవి. సైబీరియానుండి వచ్చుచుండిన తెల్లని క్రౌంచములు మాత్రము 2001-02 చలికాలము తరువాత అచ్చట మరల కనబడలేదు. అందుకు దారిలోని వేటయు, దూరదేశముల మడుగులు చెడుటయు గూడ కారణములు.

ఒక్క పని మాత్రము నాకు తృప్తి గలిగించినది. మన ప్రాంతమున సర్కారుతుమ్మ యనెడు ముండ్లచెట్టు ఆ వనమునందును విపరీతముగా పెరిగినది. దానిని పెరికివేయు పనిని చుట్టుప్రక్కల గ్రామములవారికే అప్పగించి, పెరికిన కట్టెను వారినే తీసికొనిపొమ్మనిరి. గడ్డి కోసికొనుటకు గూడ అనుమతి నిచ్చిరి. మునుపు కంచె కావల నిలిపిన గ్రామస్థులే కొడవండ్లతోను గొడ్డండ్లతోను లోనికి వచ్చి, మడుగుల చుట్టును నేలను తెరపి చేసిరి.