స్థలం అమ్మితే పన్నెంత? లెక్క తెలిస్తేనే లాభం

పట్టణ శివార్లలో నూరు, రెండు వందల గజాల స్థలం కొని ఉంచుకుని, పిల్లల చదువుకో పెళ్లికో అక్కరపడినప్పుడు అమ్ముకోవడం మధ్యతరగతి కుటుంబాల్లో పరిపాటి. అమ్మగా వచ్చిన సొమ్మంతా ఖర్చయ్యాక ఆదాయపు పన్ను శాఖ తాఖీదు అందితే ఇబ్బందులు తప్పవు. కొనుగోలు నాటి నుంచే కొన్ని జాగ్రత్తలు పాటించడం మేలు.

కొనేముందు..
ఈసీలో రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. వారసుల తగాదాలు, రిజిస్టరు కాని ఒప్పందాలు అందులో ఉండవు. అందువల్ల లింకు దస్తావేజులను కూడా పరిశీలించాలి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌ రిజిస్ట్రార్‌ కార్యాలయంలో విచారించాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో 1/70 నిబంధన మేరకు గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. 500 చదరపు మీటర్లకు మించిన కొత్త లేఅవుట్లకు రెరా నమోదు తప్పనిసరి. ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకునే అధికారం ప్రమోటరుకు లేదు.

నగదుతో చిక్కు
స్థలం బయానాగా రూ.20 వేలు, అంతకు మించి నగదు రూపంలో తీసుకోరాదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానాగా పడే ప్రమాదం ఉంది. ధర రూ.50 లక్షలు, అంతకు మించితే కొనుగోలుదారే ఒక శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. గ్రామీణ ప్రాంతాల్లోని సాగుభూమికి ఇది వర్తించదు. స్టాంపు సుంకం తగ్గుతుందని దస్తావేజులో తక్కువ ధర రాయించుకునేవారు ఒక సంగతి గమనించాలి. రేపు అమ్మేటప్పుడు ఆ తక్కువ మొత్తమే కొన్న ధరగా నిలుస్తుంది. ఫలితంగా లాభం పెరిగి పన్ను భారమవుతుంది.

లెక్క ఇలా..
24 నెలలకు మించి ఉంచుకున్న స్థలంపై వచ్చేది దీర్ఘకాలిక మూలధన లాభం. దీనిపై పన్ను 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న స్థలాలకు మాత్రం, దేశంలో నివసించే వ్యక్తులు ద్రవ్యోల్బణ సూచీతో కొన్న ధరను పెంచి 20 శాతం లెక్క కట్టి, రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లించవచ్చు. ఉదాహరణకు 2012-13లో రూ.5 లక్షలకు కొన్న స్థలాన్ని 2025-26లో అమ్మారనుకుంటే, సూచీ 200 నుంచి 376కు చేరినందున కొన్న ధర రూ.9.40 లక్షలవుతుంది. రూ.12 లక్షలకు అమ్మితే కొత్త పద్ధతిలో పన్ను రూ.87,500, పాత పద్ధతిలో రూ.52 వేలు. రూ.18 లక్షలకు అమ్మితే కొత్త పద్ధతిలో రూ.1,62,500, పాత పద్ధతిలో రూ.1,72,000. సెస్సు అదనం. ధర ఓ మోస్తరుగా పెరిగినప్పుడు పాత పద్ధతి, బాగా పెరిగినప్పుడు కొత్త పద్ధతి లాభదాయకమని దీన్నిబట్టి తెలుస్తుంది.

మినహాయింపులు
అమ్మగా వచ్చిన సొమ్మంతటితో రెండేళ్లలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్ను ఉండదు. కొంతే వెచ్చిస్తే ఆ మేరకే మినహాయింపు. అయితే అమ్మిన నాటికి ఒకటికి మించి ఇళ్లు ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. రిటర్ను గడువులోగా ఖర్చు కాని సొమ్మును బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో జమ చేయాలి. ఇల్లు అక్కర్లేనివారు ఆరు నెలల్లోగా నిర్దేశిత బాండ్లలో లాభాన్ని రూ.50 లక్షల వరకు మదుపు చేయవచ్చు. ఆ సొమ్ము అయిదేళ్లు కదలదు.

రిజిస్ట్రేషన్‌ ఖర్చులు, ప్రహరీ నిర్మాణ వ్యయం, మధ్యవర్తి కమీషను వంటివి లాభం నుంచి తగ్గించుకునే వీలుంది. రసీదులు ఉంటేనే ఇది సాధ్యం. అందుకే వాటిని దస్తావేజుతోపాటే భద్రపరచుకోవాలి.