షెనోన్సో కోట

ఫ్రాన్స్‌లోని లువార్ లోయలో, షేర్ నది మీద ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా సాగిన కోట షెనోన్సో. తోమా బోయే అనే రాజోద్యోగి 1513లో ఈ చోటు కొని, నది నీటితో తిరిగే పాత పిండిమర పునాదుల మీద భవనం లేపాడు. ఆయన రాచకార్యాల మీద ఊళ్లు తిరుగుతుంటే, పనులు దగ్గరుండి చేయించింది భార్య కాథరీన్ బ్రిసోనె. ఆ తర్వాత కూడా ఈ కోట చరిత్రను నడిపింది ఎక్కువగా స్త్రీలే.

1547లో రాజు రెండవ హెన్రీ దీన్ని తన ప్రియురాలు దియాన్ ద పొయతియేకు ఇచ్చాడు. నది మీద వంతెన కట్టించింది ఆమే. 1559లో రాజు చనిపోగానే రాణి కాథరీన్ ద మెడిచి ఆమెకు షోమోన్ కోట ఇచ్చి దీన్ని తీసేసుకుంది. ఆ వంతెన మీదే పొడవైన నాట్యశాల కట్టించింది. ఇద్దరి తోటలూ నేటికీ కోటకు చెరోవైపు ఉన్నాయి. లోపలికి నడిచి వచ్చేవారికి ఎడమ పక్కన కనిపించేది దియాన్ తోట.

చూడవలసినదల్లా చూసినా, ఎక్కువసేపు నిలవవలసింది మాత్రం ఆ నాట్యశాలలోనే. 60 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 18 కిటికీలు. నేలంతా నల్ల పలకరాయి, తెల్ల సున్నపురాయి చదరాలు; కిటికీలోంచి తొంగిచూస్తే కిందే నది. మొదటి ప్రపంచయుద్ధంలో కోట యజమానులైన మెనియే కుటుంబం సొంత ఖర్చుతో ఇక్కడ ఆసుపత్రి నడిపింది. రాజులు విందులు చేసుకున్న గదిలో రెండు వేలకు పైగా గాయపడిన సైనికులకు చికిత్స జరిగింది. 1940లో జర్మన్లు ఫ్రాన్స్‌ను రెండుగా చీల్చినప్పుడు సరిహద్దు ఈ నది మీదుగానే పడింది. కోట ముఖద్వారం ఆక్రమిత ప్రాంతంలో, నాట్యశాల చివరి తలుపు అవతలి ప్రాంతంలో. ఆ తలుపు గుండా ఎందరో తప్పించుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఈ కోటకు ఇంతకన్నా గొప్ప ఘనత లేదు.

వంటశాలలు నదిలోకి దిగిన స్తంభాల లోపలే ఉన్నాయి; సరుకులు పడవల్లో నేరుగా అక్కడికే చేరేవి. రాగి పాత్రలు, పొయ్యి, రొట్టెల బట్టీ చూడకుండా రాకూడదు.

ఫ్రెంచి విప్లవకాలంలో ఇక్కడ ఉన్నది కోట యజమానురాలు లూయిజ్ దూపాఁ. తత్వవేత్త రూసో ఒకప్పుడు ఆమె దగ్గర కార్యదర్శిగా పనిచేశాడు. చుట్టుపక్కల నది దాటడానికి ఈ వంతెనే దిక్కని ఆమె విప్లవకారులకు నచ్చజెప్పి కోటను కూల్చకుండా ఆపిందని చెబుతారు. ఆమె సమాధి కోట ఆవరణలోనే ఉంది.

తూర్ నగరం నుంచి రైలులో అరగంటలోపే రావచ్చు. స్టేషన్ నుంచి కోట ద్వారం నడక దూరమే.