అటక మీది రంపం

పాత ఇనుపసామాన్లకు వేసే ముందు ఆ తుప్పు రంపం కథ కాస్త వినండి.

ప్రాచీన ఈజిప్టులో రాగి రంపాలుండేవి. రాగి మెత్తన కదా, నెడితే వంగిపోతుంది. అందుకే తమవైపు లాగి కోసేవారు. మంచి ఉక్కు వచ్చాకే నెట్టి కోసే పల్చటి రంపాలు నిలిచాయి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం కమ్మరులు మూసల్లో ఉక్కు తీసి పర్షియా వర్తకులకు అమ్మేవారు. షెఫీల్డులో బెంజమిన్ హంట్స్‌మన్ మూస ఉక్కు చేసింది 1740ల్లో. ఫిలడెల్ఫియాలో హెన్రీ డిస్‌టన్ రంపాల పని మొదలుపెట్టింది 1840లో.

పాత రంపం పళ్ళు ఆకురాయికి లొంగుతాయి. తుప్పు రుద్ది, పళ్ళన్నీ ఒకే ఎత్తుకు తెచ్చి, ఒకటి అటూ ఒకటి ఇటూ వంచి, ముక్కోణపు ఆకురాయితో ఒక్కో పన్నూ రాయాలి. ఆ వంపు వల్లే రంపం చెక్కలో బిగుసుకోదు. ఇప్పటి రంపాల్లో చాలావాటికి పళ్ళను మరీ గట్టిపరుస్తున్నారు. ఆకురాయి పట్టదు, మొండిబారితే పారేయడమే.

కత్తిపీటకు సాన పట్టించుకునే మనకు ఈ తేడా తెలియనిది కాదు. మీ ఊళ్ళో రంపం రాసే వడ్రంగి ఉంటే, పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి. రంపానికి పదునొస్తుంది, పిల్లల కళ్ళకు ఆ పనీ అలవాటవుతుంది.