మెత్, మెదడు, ఎండ

మత్తుమందుల మీద అవగాహన సభ ఎక్కడ పెట్టినా ఒక మాట తప్పదు: ముట్టుకుంటే చాలు, మెదడు కణాలు చచ్చిపోతాయని. భయపెట్టడానికి ఈ మాట పనికొస్తుంది. పరిశోధన చెప్పేది ఇంతకంటే చిక్కుగా ఉంటుంది. మెత్ అని పిలిచే మెతాంఫెటమిన్ సంగతే చూద్దాం.

యాంఫెటమిన్ 1887లో బెర్లిన్‌లో, మెతాంఫెటమిన్ 1893లో నగాయి నగయోషి చేతుల్లో తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు పెర్విటిన్ పేరుతో, జపాన్‌వాళ్లు హిరోపొన్ పేరుతో మెత్ మింగింది నిద్ర ఆపుకొని పనిచేయడానికే. థాయ్‌లాండ్‌లో యాబా అనే మెత్ మాత్రలు వాడినవాళ్లలో లారీ డ్రైవర్లు, కూలీలు ఉన్నారు.

1976లో షికాగోలో లూయిస్ సైడెన్ బృందం, మెత్ చివరి డోసు పడి నెలలు గడిచినా కోతుల మెదడులో డోపమైన్ తక్కువగానే ఉందని చూపింది. కణాల చావు మాటకు ఇలాంటి ఫలితాలు ఊతంగా కనిపిస్తాయి. నిజానికి ఎక్కువగా దెబ్బతినేవి మెదడు లోపలి స్ట్రయేటం అనే భాగంలోకి చాచుకున్న డోపమైన్ నాడుల కొసలు. కణదేహాలు చాలావరకు నిలుస్తాయి. 2001లో నోరా వోల్కోవ్ బృందం స్కానింగులో, చాలా నెలలు మెత్ మానేసినవాళ్లలో డోపమైన్ రవాణా ప్రొటీన్లు గణనీయంగా కోలుకోవడం గమనించింది. జ్ఞాపకశక్తి మాత్రం ఆ మేరకు తిరిగి రాలేదు. కాబట్టి దీన్ని శుభవార్త అనడానికి నాకు నోరు రాదు.

ఆ మరుసటి ఏడాదే పెద్ద రచ్చ. ఎండీఎంఏ (ఎక్స్‌టసీ) మామూలు మోతాదే కోతుల డోపమైన్ కొసల్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని జార్జ్ రికార్టే బృందం 'సైన్స్' పత్రికలో ప్రకటించింది. 2003లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. సీసాల లేబుళ్లు మారిపోయి, కోతులకు పడింది మెతాంఫెటమిన్ అట! ఎండీఎంఏకి దీంతో మచ్చ పోయిందనుకోవడం తొందరపాటు. అది సెరటోనిన్ కొసల్ని దెబ్బతీస్తుందని 1980ల నాటి కోతుల ప్రయోగాలు ముందే చూపాయి. పైగా ఆ పొరపాటు ప్రయోగం మెత్ ఎంత చెరుపు చేస్తుందో మరోసారి రుజువు చేసింది.

ఈ గొడవలో మరుగున పడిన, నష్టానికి తోడయ్యే ఒక కారణం వేడి. మెత్ డోపమైన్‌ను దాని తిత్తుల్లోంచి బయటికి తోస్తుంది. బయటపడ్డ డోపమైన్ ఆక్సీకరణం చెంది కొసను లోపలినుంచే కాలుస్తుంది. ఒంటివేడినీ మెత్ పెంచుతుంది. 1990ల తొలినాళ్లలో జాన్ బౌయర్ ప్రయోగాల్లో, చల్లటి చోట ఉంచిన ఎలుకలకు అదే మందు ఇచ్చినా నష్టం బాగా తగ్గింది. మందు లేకుండా వేడి ఒక్కటే ఈ పని చేయదు, ఎలుక లెక్క మనిషికి అచ్చంగా దిగదు. అయినా పక్కన పెట్టదగిన సంగతి కాదిది. వేసవిలో 40 డిగ్రీలు దాటే మా కర్నూలు జిల్లా కోసిగి సీమలో, ఇక్కడినుంచి సుగ్గికి, అంటే వలస కూలికి పోయి మిరప కోసే కూలీల విషయంలో మరీనూ. వడదెబ్బకు మెత్ తోడైతే ఆగేది మెదడు దగ్గరే కాదు, ప్రాణం మీదికి వస్తుంది.

2017లో హైదరాబాద్ మత్తుమందుల కేసు ఎక్సైజ్ విచారణప్పుడు మన పత్రికలు సినిమావాళ్ల పేర్లు రోజూ అచ్చేశాయి. మందు ఒంట్లో ఏం చేస్తుందో చెప్పింది తక్కువ. 'పబ్బు జబ్బు' అన్న ముద్ర ఇంకా పోలేదు. ఆంధ్రప్రదేశ్ 2024లో మత్తుమందుల కట్టడికి 'ఈగల్' దళాన్ని పెట్టింది, మంచిదే. కానీ పట్టుకోవడం మీద ఉన్న శ్రద్ధ వైద్యం మీద కనిపించదు. కణాలు చచ్చాయని చెబితే మానాలనుకున్నవాడు కూడా ఇంకేముందిలే అనుకుంటాడు. ఇంట్లో అలాంటివాళ్లుంటే మానితే కొంతైనా కోలుకుంటారని చెప్పండి, మత్తు విముక్తి సహాయవాణి 14446కు ఫోన్ చేయించండి.